లోపలి మాట మార్చి చూడండి

అందరికీ నమస్తే. వ్యాయామం మధ్యలో "ఇక నా వల్ల కాదు" అనిపిస్తోందని చాలామంది రాస్తున్నారు. ముందు ఆ మాట మార్చి చూడండి. 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో, తమకు తాము ధైర్యం చెప్పుకోవడం రెండు వారాలు సాధన చేసినవాళ్లు వ్యాయామ సైకిల్‌ని అంతకుముందుకంటే సుమారు 18 శాతం ఎక్కువసేపు తొక్కగలిగారు. శ్రమ కూడా తక్కువగానే అనిపించిందట.

అలాగని అద్దం ముందు నిలబడి "నేను సూపర్" అనుకోమని కాదు (నాకైతే నవ్వొస్తుంది). మనకే నమ్మకం కుదరని పొగడ్త కొందరిని ఇంకా నీరసపరుస్తుంది. "ఇంకో రెండు నిమిషాలు నడవగలను", "భుజాలు వదులుగా పెట్టు" లాంటి చిన్న మాటలు మేలు. ఒకరోజు మానేస్తే "అంతా పోయింది" అనొద్దు, "రేపు పది నిమిషాలైనా చేస్తా" అనుకోండి.

ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉంటే మాత్రం వెంటనే ఆపేసి డాక్టర్ని కలవండి. మీకు పనిచేసే మాట ఏదో ఇక్కడ రాయండి.