రెండు భాషలొస్తే దుభాషి అయిపోతారా?

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం మీ పేపర్లో కోర్టు దుభాషుల మీద వచ్చిన వ్యాసం చూసి ఆ రోజే రాయాల్సింది, కోపం తగ్గాక రాద్దామని ఆగాను, తగ్గలేదు. రెండు భాషలు తెలిసినవాళ్ళెవరైనా చేసే పనికి ఇంత ఖర్చెందుకు, ఫోన్లో యాప్ ఉందిగా అని ఒక అధికారి అన్నాడట, మీరు దాన్ని ఉన్నదున్నట్టు అచ్చేశారు. ఒక్క దుభాషినైనా అడిగిన పాపాన పోలేదు.

ఇంగ్లీషులో విచారణ జరుగుతోంది, సాక్షికి తెలుగు తప్ప రాదు అనుకోండి. 'మీరు అక్కడికి వెళ్ళలేదు కదా?' అని లాయరు అడిగితే మనవాడు 'అవునండీ' అంటాడు, అంటే వెళ్ళలేదనే. దాన్ని ఉత్త 'యెస్' చేసి వదిలేస్తే వెళ్ళినట్టు రికార్డుకెక్కినా ఎక్కుతుంది. ముద్దాయి తన స్నేహితుడితో 'మేం వెళ్ళాం' అన్నాడా, 'మనం వెళ్ళాం' అన్నాడా? ఇంగ్లీషుకి రెండూ ఒకటే, ఆ స్నేహితుడు కేసులో ఇరుక్కుంటాడా లేదా అన్నది మాత్రం ఆ తేడా మీదే ఉండొచ్చు. అటునుంచి 'అంకుల్' అని వస్తే బాబాయా, మేనమామా అన్నది దుభాషి ఊహించి చెప్పకూడదు, జడ్జి అనుమతి తీసుకుని అడగాలి. యాప్ అడుగుతుందా?

నేను పదిహేనేళ్ళు ఈ పని చేశాను. చెయ్యని నేరాలన్నీ 'నేనే చేశాను' అని ఒప్పుకున్నాను, ఎందుకంటే సాక్షి 'నేను' అంటే దుభాషీ 'నేను' అనే అనాలి, 'అతను ఇలా అంటున్నాడండీ' అనకూడదు. నాకే ఏదైనా వినపడకపోతే మాత్రం 'దుభాషికి వినపడలేదు' అని ఎవరి గురించో చెప్పినట్టు చెప్పాలి. సాక్షి నసిగితే ఆ నసుగుడూ రావాలి, బూతు తిడితే అదే ఘాటుతో జడ్జి ముందు అనాలి. మాట బాగుచేశామా, అబద్ధం చెప్పినట్టే.

ఇక ముద్దాయి పక్కన కూర్చుని జరిగేదంతా చెవిలో చెప్పడం ఇంకో ఎత్తు, ఒక వాక్యం చెబుతూనే తర్వాతి వాక్యం వినాలి. అరగంట దాటితే ఎంత అనుభవం ఉన్నా తప్పులు దొర్లుతాయి, అందుకే ఇద్దరు మార్చుకుంటూ చేస్తారు. 1945లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో నాజీ నాయకుల మీద జరిగిన విచారణలో నాలుగు భాషలు ఒకేసారి నడిచాయి, ఎవరైనా వేగంగా మాట్లాడితే పసుపు దీపం వెలిగేది, ఎర్రదీపం వెలిగితే ఆపాల్సిందే. ఇప్పుడు ఆ దీపాలూ లేవు, 'కాస్త నెమ్మదిగా' అంటే లాయరు గారు చూసే చూపు భరించాలి.

అధికారుల సంగతి సరేసరి. కేసు కాగితాలు ముందురోజు ఇవ్వండి మహాప్రభో అంటే రహస్యమంటారు, తీరా కోర్టులో పోస్టుమార్టం రిపోర్టు చేతిలో పెట్టి చూస్తూ చదివి చెప్పమంటారు. మనిషి దొరక్కపోతే ముద్దాయి బంధువునో, ఖాళీగా ఉన్న గుమాస్తానో నిలబెట్టేస్తారు. ఆ బంధువు ఎవరి పక్షమో అడిగే నాథుడు లేడు. బిల్లు పెడితే మాత్రం ప్రతి నిమిషానికీ లెక్క అడుగుతారు, డబ్బులొచ్చేది నెలల తర్వాత. కోర్టు భాష రాని ముద్దాయికి ఉచితంగా దుభాషిని ఇవ్వాలని 1966 నాటి అంతర్జాతీయ పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 14వ అధికరణంలో ఉంది. ఖర్చు గురించి బాధపడుతున్న అధికారి గారికి అదెవరైనా చదివి వినిపిస్తే బాగుండు, కావాలంటే ఆయన యాప్‌లోనే.

ఇంకోటి. వ్యాసం పొడుగునా 'అనువాదకులు' అని రాశారు. వాళ్ళకి నిఘంటువు తిరగేసే తీరిక ఉంటుంది, రాసింది కొట్టేసి మళ్ళీ రాసుకోవచ్చు. దుభాషి తప్పు చెప్తే కోర్టులో అందరి ముందూ తనే ఒప్పుకుని రికార్డులో దిద్దించాలి. మీ సవరణ ఏ పేజీలో, ఏ మూల వేస్తారో చూస్తాను.

ఇట్లు,
ఒక మాజీ దుభాషి