ఎన్ని సెకన్లకో చెప్పని స్థిరత్వం

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లోనే ఆసిలేటర్లు (సమానంగా టిక్కులు ఇచ్చే సర్క్యూట్లు) కొలిచే కుర్రాళ్ల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం బాగుంది. కానీ బాక్సు కట్టి వేసిన అంకె, అంటే మా బెంగళూరు ఎస్పీ రోడ్డులో దొరికిన పాత ఓసీఎక్స్‌ఓ (క్రిస్టల్‌ను చిన్న ఓవెన్‌లో ఒకే వేడిలో ఉంచే ఆసిలేటర్) 'లక్ష కోట్లలో ఒక వంతు స్థిరం' అన్నది, సగం మాటే. ఎన్ని సెకన్ల సగటుకు? అది చెప్పకపోతే ఆ అంకెతో పని లేదు. పైగా ఆ కొలత ఆసిలేటర్‌దా, దాన్ని కొలిచిన కౌంటర్‌దా అన్న అనుమానం కూడా మాకుంది.

ఇళ్లలో ఎక్కువమంది చేసేది ఇది. 10 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ను ఒక చిన్న పిక్ 12ఎఫ్675 చిప్‌తో కోటితో భాగిస్తే సెకనుకో పల్సు వస్తుంది. దాన్ని ఇంకో పల్సుతో పోల్చి, రెంటి మధ్య ఎడాన్ని టైమ్ ఇంటర్వల్ కౌంటర్‌తో సెకనుకోసారి రాసుకుంటారు. టీడీసీ7200 చిప్‌తో కట్టిన కౌంటర్లు సుమారు 60 పికోసెకన్ల (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు) దాకా చూడగలవు. వినడానికి గొప్పగానే ఉంటుంది, లెక్క వేస్తే తెలుస్తుంది. కొలతలో 60 పికోసెకన్ల గోల (నాయిస్) ఉంటే, దాన్ని 1.73తో గుణించి సగటు తీసే సెకన్లతో భాగించాలి. ఒక సెకను దగ్గర వెయ్యి కోట్లలో ఒక వంతు వస్తుంది. లక్ష కోట్లలో ఒక వంతుకు దిగేసరికి 100 సెకన్లు పడుతుంది. మంచి ఓసీఎక్స్‌ఓ అంతకన్నా ముందే ఆ మెట్టు మీద ఉంటుంది కాబట్టి, స్థిరత్వాన్ని చెప్పే అలన్ డీవియేషన్ అనే అంకెను సగటు వ్యవధిని బట్టి గీసే గ్రాఫులో, చిన్న వ్యవధుల ఎడమ భాగమంతా కౌంటర్ గీసిన గీతే.

పాసంగం చూడకుండా బంగారం తూచరు కదా. ఒకే పల్సును 'T' ఆకారపు కనెక్టర్‌తో చీల్చి కౌంటర్ రెండు ఇన్‌పుట్లకూ ఇవ్వండి. ఒకవైపు కేబుల్ రెండు మీటర్లు ఎక్కువ ఉండాలి. అంటే 10 నానోసెకన్ల తేడా. లేకపోతే రెండు అంచులూ ఒకేసారి వచ్చి ఒకదాన్నొకటి లాగుతాయి. అలా వచ్చిన కౌంటర్ గీతను దాచుకుని, తర్వాత గీసే ప్రతి గ్రాఫు కిందా అదే వేయాలి. ఆసిలేటర్ గీత దానికి అంటుకున్నంత మేరా నమ్మకూడదు. కొన్ని కౌంటర్లు ఫ్రీక్వెన్సీ మోడ్‌లో లోపలే వేల కొలతలను సగటు చేసి చూపిస్తాయి. వాటితో వేసిన అలన్ డీవియేషన్ ఉన్నదానికన్నా అందంగా కనిపిస్తుంది. అందుకే టైమ్ ఇంటర్వల్ మోడే వాడాలి.

జీపీఎస్ పల్సును ప్రమాణంగా పెట్టుకునేవాళ్లకు ఒక మాట. మామూలు మాడ్యూల్ పల్సు దాని లోపలి క్లాకు అంచుకు అతుక్కుని వస్తుంది కాబట్టి పది నానోసెకన్లు అటూ ఇటూ ఊగుతుంది. ఒక సెకనుకు అది ఓసీఎక్స్‌ఓ కన్నా ఎంతో అధ్వానం, ఒక రోజుకు ఎంతో మేలు. అందుచేత చిన్న వ్యవధులకు మరో ఓసీఎక్స్‌ఓతో, పెద్ద వ్యవధులకు జీపీఎస్‌తో పోల్చాలి.

మామూలు స్టాండర్డ్ డీవియేషన్ ఎందుకు కాదంటారా? క్రిస్టల్ ముదురుతూ, మెల్లగా తిరుగుతూ ఉంటుంది. ఎంత ఎక్కువసేపు కొలిస్తే స్టాండర్డ్ డీవియేషన్ అంత పెరుగుతూ పోతుంది. 1966లో డేవిడ్ అలన్ చూపిన దారిలో వరుస సగటుల మధ్య తేడానే లెక్కలోకి తీసుకుంటాం కాబట్టి ఆ చిక్కు ఉండదు.

ఇక ఇంట్లో వచ్చే తిప్పలు. ఏళ్లుగా కరెంటు లేకుండా పడున్న ఓసీఎక్స్‌ఓను పెట్టిన గంటలోనే కొలవడం దండగ. కనీసం ఒక రోజు వేడెక్కనివ్వండి, వారమైతే మరీ మంచిది. పవర్ కట్‌లో ఓవెన్ చల్లబడితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది, బ్యాటరీ తప్పదు. హీటర్ కరెంటు తిరిగొచ్చే గ్రౌండ్ తీగ మీదే ఫ్రీక్వెన్సీని సవరించే ట్యూనింగ్ వోల్టేజీ గ్రౌండ్ కూడా కలిపితే, గది వేడి మారినప్పుడల్లా ఫ్రీక్వెన్సీ కదులుతుంది. ఆ రెండో గ్రౌండ్‌ను ఓసీఎక్స్‌ఓ పిన్ను దగ్గరినుంచే విడిగా తెచ్చుకోవాలి. ఫ్యాన్ గాలి తగలకుండా అట్టపెట్టె బోర్లించండి.

అలన్ గ్రాఫు కన్నా ముందు ఫేజ్ గ్రాఫు, అంటే సెకనుకోసారి రాసుకున్న ఎడాల గ్రాఫు, చూడాలి. ల్యాప్‌టాప్ నిద్రపోయి కొన్ని లైన్లు జారితే అందులో గెంతు పడి లెక్క పాడవుతుంది. పక్కనే ఉన్న ఫ్రిజ్ ఇరవై నిమిషాలకోసారి ఆన్ అవుతుంటే 450 సెకన్ల దగ్గర గీత ఎద్దు మూపురంలా లేస్తుంది. పగలూ రాత్రీ వేడి తేడాకైతే ఆ మూపురం తొమ్మిది గంటల దగ్గర వస్తుంది. దాన్ని చూడాలంటే ఒక రోజు డేటా చాలదు, నాలుగైదు రోజులు కావాలి.

మీ వ్యాసంలోని కుర్రాళ్ల దగ్గర ఆ గ్రాఫు ఉండే ఉంటుంది. వీలైతే కౌంటర్ గీతతో కలిపి దాన్నే వచ్చే ఆదివారం అచ్చు వేయండి.

– ఇద్దరు రిటైర్డ్ ఇంజినీర్లు, మారతహళ్లి, బెంగళూరు