వార్షిక నివేదిక 2025–26: గిర్నీ పెద్దల మాటలు

సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారం.

2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు ముంబైలోని మన తెలుగువాళ్ల సంఘం చేసిన పనులు మీ ముందు పెడుతున్నాను. ఏటా ఈ నివేదికలో బతుకమ్మ, ఉగాది, పిల్లల స్కాలర్‌షిప్పులు, పద్దులు ఉంటాయి. ఈసారీ ఉన్నాయి, కాకపోతే చివర్లో నాలుగు మాటల్లో ముగిస్తాను. ఈ ఏడాది మన ఆదివారాలన్నీ ఒకే పని తినేసింది. ముంబై బట్టల మిల్లుల్లో (ఇక్కడి మాటలో గిర్నీల్లో) పనిచేసిన మన పెద్దల దగ్గర కూర్చుని వాళ్లు చెప్పింది రికార్డు చేసి రాసిపెట్టుకున్నాం.

ఇది ఎలా మొదలైందో పోయినేడు సర్వసభ్య సమావేశానికి వచ్చినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇంజనీరింగ్ చదివే ఒక అబ్బాయి లేచి, "మా తాత సమ్మెలో ఉన్నాడని ఇంట్లో అంటారు. ఏ సమ్మె, ఎందుకు చేశారు అంటే ఎవరూ చెప్పట్లేదు" అన్నాడు. తాత పోయి అప్పటికి మూడేళ్లు. హాల్లో ఉన్న మా వయసు వాళ్లం కూడా సరైన జవాబు చెప్పలేకపోయాం. ఆ రోజు నాకు సిగ్గేసింది. మన చాళ్లలో, అంటే వరస గదుల ఇళ్లలో, ఇంటికొక మిల్లు కార్మికుడు ఉండేవాడు. మన దగ్గర మాత్రం ఒక్క కాగితం లేదు.

వర్లీ, లోయర్ పరేల్, కామాఠీపురా ప్రాంతాల్లో మొత్తం 11 మందితో మాట్లాడాం. అందులో ముగ్గురు ఆడవాళ్లు. ఇద్దరు పెద్దలు ఈ ఏడాదిలోనే కన్నుమూశారు. వాళ్ల గొంతు మన దగ్గర ఉండిపోయింది.

ఒకాయన సంగతి కొంచెం వివరంగా చెప్తాను. ఎనభై మూడేళ్లు. కరీంనగర్ వైపు పల్లె నుంచి పదిహేడో ఏట మేనమామ వెంట రైలెక్కి వచ్చాడు. సాంచా ఖాతాలో, అంటే మగ్గాల షెడ్డులో, మొదట బద్లీగా చేరాడు. బద్లీ అంటే పొద్దున్నే గేటు దగ్గర నిలబడాలి, ఎవరైనా పనికి రాకపోతే ఆ చోటు దొరుకుతుంది, లేకపోతే ఇంటికి. ఏడేళ్లు అలా నిలబడ్డాడట. మగ్గంలో అటూ ఇటూ తిరుగుతూ అడ్డదారం వేసే నాడె గురించి అడిగితే ఆయనకు మన మాట వెంటనే తట్టలేదు, "ధోటా" అన్నాడు. కొత్త కండె (దారం చుట్టిన గొట్టం) పెట్టినప్పుడు దారం కొసను నాడె కంట్లోంచి బయటికి తీయాలి. సూదికి ఎక్కించినట్టు ఎక్కించే తీరిక మగ్గం ఇవ్వదు. నోరు ఆనించి ఒక్క పీల్పు పీల్చాలి. టేబుల్ మీదున్న పెన్ను మూత తీసుకుని పెదాలకు ఆనించి ఎలా పీల్చేవాళ్లో చూపించాడు. దారంతో పాటు దూది నుసి కూడా గొంతులోకి పోయేది. చూపించాక చాలాసేపు దగ్గాడు. ఆ దగ్గు కూడా రికార్డులో ఉంది, తీసేయవద్దని నేనే చెప్పాను.

ఆ పీల్చడం వెనక ఇంకో సంగతి ఉంది. దారాన్ని నోటితో పీల్చాలి కాబట్టి, ఎంగిలి అవుతుందనే సాకుతో దళితులను మగ్గాల షెడ్డులోకి రానిచ్చేవాళ్లు కారు. కూలీ ఎక్కువ దొరికేది అక్కడే. వాళ్లకు తక్కువ కూలీ ఉన్న స్పిన్నింగ్ వైపు పనులే మిగిలేవి. 1928 సమ్మెలో డాక్టర్ అంబేడ్కర్ ఈ విషయం లేవనెత్తారు. మగ్గాల పని అందరికీ తెరవాలని సమ్మె నాయకుల మీద పట్టుబట్టారు. ఆ షెడ్డుల్లో నేసేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు, నేత మన కులవృత్తి కాబట్టి. ఈ మాటలన్నీ కూర్చుతున్న పుస్తకంలో ఈ భాగం వద్దని కార్యవర్గంలో ఇద్దరు గట్టిగా అన్నారు. మన తాతలను మనమే తక్కువ చేసుకున్నట్టవుతుందని వాళ్ల బాధ. మూడు సమావేశాలు దీని మీదే గడిచాయి. చివరికి ఉంచాలనే నిర్ణయించాం. మనం పడ్డ కష్టం రాసి, మన పక్కవాడికి గేటు వేసిన సంగతి దాచితే అది చరిత్ర అనిపించుకోదని నా అభిప్రాయం. సభ్యులు ఈ విషయంలో తమ మాట సమావేశంలో చెప్పాలి.

మనవాళ్ల ముద్ర మొదటి నుంచీ ఉంది

కామాఠీపురాకు ఆ పేరు వచ్చిందే నిజాం ఇలాకా నుంచి వచ్చి ఈ ఊరి ఇళ్లు, రోడ్లు కట్టిన, కామాఠీలు అని పిలిచే తెలుగు కూలీల వల్ల. జ్యోతిరావ్ ఫూలే 1873లో పుణెలో సత్యశోధక సమాజం పెట్టినప్పుడు ముంబైలో ఆయనకు అండగా నిలిచినవాళ్లలో రామయ్య వెంకయ్య అయ్యవారు, వ్యంకు బాలాజీ కాలేవార్ వంటి తెలుగువాళ్లు ఉన్నారు. ఆ సమాజం నుంచే నారాయణ్ మేఘాజీ లోఖండే వచ్చారు. మిల్లులో స్టోర్ కీపర్‌గా చేసిన మనిషి ఆయన. 1884లో మిల్లు కూలీలను పోగుచేసి 5,500 మంది సంతకాలతో అర్జీ పెట్టారు. అందులో అడిగినవి పెద్ద కోరికలేమీ కావు: వారానికి ఒక సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, పొద్దున ఆరున్నర నుంచి పొద్దుగూకే దాకే పని, పోయిన నెల పగారు (జీతం) 15వ తేదీ లోపు, దెబ్బ తగిలితే ఖర్చులు. 1890 ఏప్రిల్ 24న మహాలక్ష్మిలో దాదాపు పదివేల మంది కూడారు. ఆ సభలో ఇద్దరు ఆడకూలీలు కూడా మాట్లాడారు. జూన్ 10న మిల్లు యజమానుల సంఘం ఆదివారం సెలవుకు ఒప్పుకుంది.

అందుకని ఈ ఏడాది నుంచి జూన్ 10ని మన సంఘం జరుపుకోవాలని తీర్మానించాం. 2025లో అది మంగళవారం పడింది. పనులకు పోయేవాళ్లు ఇబ్బంది పడకుండా రెండు రోజుల ముందు, జూన్ 8 ఆదివారం నాడు జరిపాం. లోఖండే పటానికి దండ వేసింది మన సభ్యురాలే. ఇళ్లలో వంటపని చేస్తుంది. ఆమెకు నేటికీ వారాంతపు సెలవు లేదు. ఆ రోజు రెండు గంటలు అడుక్కుని వచ్చింది.

1982

పదకొండు మందీ ఎక్కువగా మాట్లాడింది ఈ సమ్మె గురించే. 1982 జనవరి 18న డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైంది. రెండున్నర లక్షల మంది పని ఆపేశారు. పగారు, బోనస్ కోసమే చేశారని ఇప్పటి పిల్లలు అనుకుంటారు. అవి ఉన్నాయి, బద్లీలను పర్మినెంట్ చేయాలన్నదీ ఉంది. అసలు కోపం ఇంకొకటి. 1946 నాటి బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం ప్రకారం ఒక పరిశ్రమకు గుర్తింపు పొందిన యూనియన్ ఒక్కటే. మాట్లాడినా, ఒప్పందం చేసుకున్నా అదొక్కటే చేయాలి. కార్మికులు వేరే యూనియన్ వెంట నడిచినా చట్టం కంటికి వాళ్లు కనపడరు. ఆ చట్టం పోవాలన్నది సమ్మె కోరికల్లో ఒకటి.

నెలలు గడిచాయి. చాలామంది కుటుంబాలను ఊరికి పంపేశారు. ఉన్నవాళ్లు ఇత్తడి బిందెలు, గిన్నెలు మార్వాడీ దగ్గర పెట్టారు. ఒక అమ్మ చెప్పింది: సమ్మె రోజుల్లో ఇంట్లో పొయ్యి వెలిగింది ఆమె చుట్టిన బీడీల మీదే. చేట ఒళ్లో పెట్టుకుని వేళ్లు ఎలా తిప్పాలో చూపిస్తూ మాట్లాడింది, చేటలో ఆకు లేకపోయినా వేళ్లు ఆగలేదు. మిల్లు కార్మికులకు భోజనం పెట్టే ఖానావళ్లు కూడా ఆడవాళ్లవే. ప్రేమా పురవ్ 1975లో ఆ ఖానావళి ఆడవాళ్లను అన్నపూర్ణా మహిళా మండలిగా కలిపారు. బాకీలు వసూలు కాకపోయినా ఎందరో సమ్మెకారులకు అన్నం పెట్టింది అలాంటివాళ్లే. యూనియన్ల చరిత్ర రాసేటప్పుడు ఈ పొయ్యిల సంగతి ఎప్పుడూ వెనకబడిపోతుంది. మన పుస్తకంలో దీన్ని ముందే పెట్టాం.

ఆ సమ్మెను విరమించామని అధికారికంగా ఎవరూ ప్రకటించలేదు. కొందరు తలవంచుకుని లోపలికి పోయారు, వేలమందిని మళ్లీ తీసుకోలేదు. ఒక పెద్దాయన నాతో, "నేనింక సమ్మెలనే ఉన్న బిడ్డా, ఎవలూ అయిపోయిందని చెప్పలే" అన్నాడు. ఆయన కోడలు టీ తెచ్చి పెట్టి, ఈ మాట మా మామయ్య ఏ సమ్మె వార్త విన్నా అంటాడని చెప్పింది.

పని పోయినవాళ్లలో కొందరు భివండీ పవర్‌లూములకు, కొందరు తిరిగి సిరిసిల్లకు చేరారు. నవంబరులో మనవాళ్లు నలుగురు సిరిసిల్ల వెళ్లి వచ్చారు. అక్కడ పవర్‌లూమును ఈ రోజుకూ సాంచా అంటారు. మరాఠీ మాట, ముంబై నుంచి, భివండీ నుంచి మనవాళ్ల వెంట ఊరికి పోయింది. అక్కడి కార్మికులు బీములు (మగ్గానికి పడుగు దారం చుట్టే దూలాలు) నిండే రోజుల కోసం ఎదురుచూస్తున్నారు. ప్రభుత్వం చీరల ఆర్డరు ఇస్తే పని, లేకపోతే లేదు. భివండీలో మనవాళ్లు ఇంకా పన్నెండు గంటల పాళీలు (షిఫ్టులు) చేస్తున్నారు. 1884లో లోఖండే అడిగినవాటిలో ఎన్ని అక్కడ అందుతున్నాయో వచ్చే ఏడు ఇంటింటికీ తిరిగి రాసుకోవాలని అనుకుంటున్నాం.

ఇళ్ల సంగతి

మిల్లుల భూముల్లో టవర్లు లేచాయి. ఆ భూమిలో కొంత మిల్లు కార్మికుల ఇళ్లకు అన్న హామీ మీద రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడాకు లక్షా డెబ్బై వేలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. లాటరీలో ఇల్లు దొరికినవాళ్లు కొద్దిమందే. దరఖాస్తుదారులు ఇంకా బతికున్న కుటుంబాలు మన సంఘంలో తగ్గిపోతున్నాయి, ఇప్పుడు దరఖాస్తులు ఎక్కువ భాగం వారసుల పేరు మీదే నడుస్తున్నాయి.

1982 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ మిల్లులో పనిచేసినట్టు రుజువు చూపాలి. మనవాళ్లకు ఇక్కడే చిక్కు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఇక్కడ పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. మిల్లు గుమాస్తా తండ్రి పేరునే ఇంటిపేరు చేసి మిల్లు టికెట్ (కార్మికుడి గుర్తింపు కార్డు) మీద రాశాడు. రేషన్ కార్డులో ఇంకోలా ఉంది. నర్సయ్య ఒకచోట నరసయ్య, ఇంకోచోట నర్సయా. ఒకే మనిషి కాగితాల్లో ముగ్గురయ్యాడు. ఈ ఏడు 34 కుటుంబాల కాగితాలు ఒక్కొక్కటిగా సరిచూసి, అఫిడవిట్లు రాయించి ఇచ్చాం. మూతపడ్డ ఒక మిల్లు ఆఫీసులో హాజరు రిజిస్టర్లు తడిసి పాడయ్యాయని చెప్పి పంపేశారు. అక్కడ పనిచేసిన ఐదుగురి కేసులు ఆగిపోయాయి. పీఎఫ్ చీటీల ద్వారా మళ్లీ ప్రయత్నిస్తున్నాం.

ముంబై బయట శేలు, వాంగణిలో ఇళ్లు ఇస్తామన్న ప్రభుత్వ నిర్ణయాన్ని మిల్లు కార్మికుల యూనియన్లు ఒప్పుకోలేదు. 2025 జూలై 9న ఆజాద్ మైదానంలో అందరూ కలిసి నిరసన పెట్టారు. అదే రోజు దేశమంతా కార్మిక సంఘాల సమ్మె కూడా జరిగింది. మన సంఘం నుంచి ఒక టెంపో నిండా వెళ్లాం. మా పెద్దల్లో ఒకరికి వాన పట్టి జ్వరం వచ్చింది, అయినా సభ అయ్యేదాకా కదలలేదు. ముంబైలో రక్తం ధారపోసినవాడికి ముంబైలోనే ఇల్లు కావాలన్నది న్యాయమైన కోరిక, కార్యవర్గం దానికే కట్టుబడి ఉంది.

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి. 29 పాత చట్టాలు వాటిలో కలిసిపోయాయి. అందులో 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం ఒకటి, నూరేళ్లు నిండే వేళ. ఇకపై ఏ పరిశ్రమలోనైనా సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మనుషులను తీసేయడానికి ప్రభుత్వ అనుమతి కావాల్సిన హద్దు 100 మంది నుంచి 300కి పెరిగింది. డిసెంబరులో ఒక లాయరు గారిని పిలిపించి తెలుగులోనే ఇవన్నీ చెప్పించాం. డెలివరీ పని చేసే మన పిల్లలు ఎక్కువమంది వచ్చారు. వాళ్ల ప్రశ్నలు రాత్రి పది దాటినా తెగలేదు.

మిగతా పనులు

బతుకమ్మ ఎప్పటిలాగే మైదానంలో జరిగింది. ఉగాది పచ్చడి, పంచాంగ శ్రవణం అయ్యాయి. పదో తరగతి, పన్నెండో తరగతి పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇచ్చాం. గ్రంథాలయం ఆదివారాలు మాత్రమే తెరుస్తున్నాం, వారం మధ్యలో కూర్చునేవాళ్లు కావాలి. ఆడిట్ అయిన పద్దులు ఈ నివేదికకు జతచేశాం. రికార్డింగ్ మిషన్, సిరిసిల్ల ప్రయాణం ఖర్చు కార్యవర్గ సభ్యులే పెట్టుకున్నారు, సంఘం డబ్బు వాడలేదు.

వచ్చే సమావేశానికి మీ ఇంట్లో ఉన్న మిల్లు టికెట్, గేటు పాసు, పీఎఫ్ చీటీ, ఈఎస్ఐ కార్డు, యూనియన్ చందా రసీదు ఏది దొరికినా తెండి. చిరిగినా, చెదలు పట్టినా తెండి. అక్కడే ఫోటో తీసి మీ కాగితం మీకే ఇచ్చేస్తాం. ఎనభై దాటిన పెద్దలు ఇంట్లో ఉంటే నాకు గానీ కోశాధికారికి గానీ చెప్పండి, మేమే ఇంటికి వస్తాం.

కార్యదర్శి