వృద్ధుల ఆరోగ్య బీమా నమోదు గడప దగ్గరే జరగాలి

సంపాదకుల వారికి నమస్కారం.

70 ఏళ్లు నిండిన ప్రతి పౌరుడికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి వైద్యం ఉచితంగా అందించేందుకు కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ వయ వందన కార్డులను ప్రారంభించింది. సుమారు 4.5 కోట్ల కుటుంబాల్లోని 6 కోట్ల మంది వృద్ధులకు మేలు జరుగుతుందని అప్పట్లో ప్రకటించారు. అయినా గుంటూరు, విజయవాడ నగరాల్లో అన్ని అర్హతలూ ఉండి కార్డు లేని పెద్దలు నాకు తరచూ తారసపడుతున్నారు. తపాలా శాఖలో పనిచేసి విశ్రాంతి పొందిన నేను బ్రాడీపేటలో మా చుట్టుపక్కల పెద్దలకు లైఫ్ సర్టిఫికెట్లు, ఆధార్ పనుల్లో చేతనైన సాయం చేస్తుంటాను. ఆ అనుభవంతో అధికారులకు ఒక విన్నపం చేయదలిచాను. కార్డు కోసం వృద్ధులను తిప్పుకోవడం మాని, ప్రభుత్వం ఎటూ వారి వేలిముద్రో ముఖమో చూసి నిర్ధారించుకునే రోజుల్లోనే ఈ నమోదును కూడా పూర్తిచేయాలి.

అన్నిటికన్నా ముందు తొలగవలసింది ఒక అపోహ. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన నాటి నుంచి మన ప్రాంతంలో ఉచిత వైద్యమంటే తెల్ల రేషన్ కార్డు ఉన్నవారికే అన్న భావన బలపడిపోయింది. ఆ పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్నా జనం మనసులో లెక్క మారలేదు. కొడుకు ప్రభుత్వోద్యోగి కావడం వల్లనో, ఇంట్లో ఎవరో ఆదాయపు పన్ను కట్టడం వల్లనో రేషన్ కార్డు రద్దయిన ఇళ్లలోని పెద్దలను కదిలిస్తే, "అన్నయ్యగారూ, మాకు తెల్లకార్డే లేదు, మాకెవరిస్తారండీ?" అనే మాటే వస్తుంది. నిజానికి కొత్తగా తెచ్చిన ఈ ఏర్పాటు ప్రధానంగా అటువంటివారి కోసమే. ప్రైవేటు బడిలో జీవితమంతా పాఠాలు చెప్పిన పంతులుగారు, మిర్చి యార్డులో లెక్కలు రాసిన గుమస్తా, ఆటోనగర్‌లో చిన్న షెడ్డు నడిపి ముసలితనంలో మూసేసుకున్న మెకానిక్, వీరికి పింఛను ఉండదు, ఉన్నా అది మందులకే చాలదు. ఉద్యోగుల పింఛను పథకం కింద 2014 నుంచి అమలులో ఉన్న కనీస పింఛను నెలకు వెయ్యి రూపాయలని గుర్తుంచుకుంటే, ఈ వయసులో ప్రైవేటు బీమా ప్రీమియం కట్టడం వీరికి ఎంత దూరపు మాటో అర్థమవుతుంది. ప్రైవేటు ఆరోగ్య పాలసీ తీసుకోవడానికి ఉన్న 65 ఏళ్ల వయోపరిమితిని బీమా నియంత్రణ సంస్థ 2024 ఏప్రిల్ నుంచి తొలగించడమూ, వృద్ధుల ప్రీమియం ఏడాదికి పది శాతానికి మించి పెంచాలంటే ముందుగా తనను సంప్రదించడం తప్పనిసరి చేయడమూ, వ్యక్తిగత పాలసీలపై జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తివేయడమూ మంచి నిర్ణయాలే. కానీ అవి కొనగలిగిన వారికే పనికొస్తాయి. కొన్నవారు కూడా ఆ పాలసీని వదులుకోకుండానే వయ వందన కార్డు తీసుకోవచ్చు. కార్మికుల బీమా అయిన ఈఎస్ఐ పరిధిలో ఉన్నవారికీ ఇదే వెసులుబాటు ఉంది.

ఈ కార్డు ఏమిస్తుందో, ఏమివ్వదో పెద్దలకు విడమరిచి చెప్పేవారు అరుదు. ఇది ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి వర్తిస్తుంది. గుండెకు స్టెంటు, డయాలసిస్, మోకీలు మార్పిడి వంటివి ఇందులోకి వస్తాయి. పాత జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది, ప్రైవేటు పాలసీల్లో మాదిరిగా ఏళ్ల తరబడి వేచి ఉండనక్కర్లేదు. చేరడానికి ముందు మూడు రోజులు, ఇంటికొచ్చాక పదిహేను రోజుల వైద్య ఖర్చులకు కూడా పథకంలో చోటుంది. కానీ నెలనెలా కొనే బీపీ, షుగరు మాత్రలకూ, ఓపీలో డాక్టరుకు చూపించుకున్న ఫీజుకూ ఇది పనికిరాదు. మరొక సంగతి కూడా ముందే చెప్పాలి. ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ 70 దాటితే, ఇద్దరికీ కలిపే 5 లక్షలు, ఒక్కొక్కరికీ విడిగా కాదు. పేద కుటుంబాల కోసం కేంద్రం నడిపే ఆయుష్మాన్ భారత్ ఉచిత వైద్య పథకం పరిధిలో ఇప్పటికే ఉన్న కుటుంబమైతే, పిల్లల వాటాతో సంబంధం లేకుండా ఆ ఇంటి వృద్ధుల కోసం అదనంగా 5 లక్షలు ఉంటుంది. తెల్లకార్డు ఉన్న ఇళ్లవారు మాకెటూ ఉందిలే అని ఊరుకోవడం వల్ల ఈ అదనపు రక్షణను పోగొట్టుకుంటున్నారు.

నా వంటి కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుల విషయంలో మాత్రం తొందరపాటు తగదు. కేంద్ర ప్రభుత్వోద్యోగులకూ పింఛనుదారులకూ ఉన్న వైద్య పథకం సీజీహెచ్ఎస్, మాజీ సైనికుల ఈసీహెచ్ఎస్ వంటి పథకాల్లో ఉన్నవారు ఏదో ఒకదాన్నే ఎంచుకోవాలి. సీజీహెచ్ఎస్ డిస్పెన్సరీలో ప్రతి నెలా మందులు తెచ్చుకుంటున్న వ్యక్తి, ఎవరో కార్డు చేయిస్తామన్నారని దాన్ని వదులుకుని ఇందులో చేరితే, ఓపీ వైద్యమూ మందులూ రెండూ చేజారుతాయి. నమోదు చేసే సిబ్బంది మొదట అడగవలసిన ప్రశ్న ఇదే కావాలి. అడిగి, తేడా వివరించి, అప్పుడే బటన్ నొక్కాలి.

ఇక నమోదు దగ్గరికొస్తే, కావలసింది ఆధార్ ఒక్కటే కాబట్టి సులువని అధికారులు అంటారు. కాగితం మీద సులువే. ఆయుష్మాన్ యాప్‌లోనో వెబ్‌సైటులోనో ఆధార్ సంఖ్య కొట్టి, ఈ-కేవైసీ (ఆధార్ ద్వారా గుర్తింపు నిర్ధారణ) పూర్తిచేసి, ఫొటో, చిరునామా, కుటుంబ సభ్యుల వివరాలు ఇస్తే కార్డు వస్తుంది, దానికి రుసుమేమీ లేదు. అయితే ఆధార్‌కు కట్టిన ఫోను నంబరు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న కొడుకుది అయి ఉంటుంది. ఓటీపీ అక్కడికి పోతుంది, ఆయన నిద్రలేచి చెప్పేసరికి గడువు దాటిపోతుంది. వేలిముద్ర వేద్దామంటే, పొగాకు గ్రేడింగులోనో ఇంటి చాకిరీలోనో గీతలరిగిపోయిన వేళ్లను యంత్రం ఒప్పుకోదు. ముఖాన్ని గుర్తించే పద్ధతి ఉంది, అది బాగా పనిచేస్తోంది కూడా. కానీ దానికి మరో అనుబంధ యాప్ ఉండాలి, కాస్త కొత్త ఫోను ఉండాలి, పక్కన తెలిసిన మనిషి ఉండాలి. ఒంటరిగా ఉండే దంపతుల ఇంట్లో ఈ మూడింటిలో ఒక్కటీ ఉండదు. ఇదే అదనుగా, కార్డు చేయిస్తామని ఫోను చేసి ఓటీపీ చెప్పమనే మోసగాళ్లకు వీరే సులువుగా చిక్కుతారు. అందువల్ల గుర్తింపు కార్డున్న ఉద్యోగి ఎదురుగా కూర్చుని నమోదు చేయడమే వృద్ధులకు క్షేమం.

వీటన్నిటికన్నా నన్ను బాధించేది వయసు చిక్కు. ఈ పథకానికి వయసంటే ఆధార్‌లో ఉన్న వయసే. తొలి రోజుల్లో ఆధార్ శిబిరాల్లో పుట్టిన తేదీ రుజువు లేనివారికి మాటమీద ఒక సంవత్సరం రాసుకుని, చాలామందికి జనవరి 1 వేసిపారేశారు. ఇంట్లో పుట్టి, బడి ముఖం చూడని ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. పెద్ద కొడుకు వయసుకూ తల్లి వయసుకూ పన్నెండేళ్ల తేడా కూడా లేని ఆధార్ కార్డులు నేను చూశాను. మనిషిని చూస్తే 75 దాటినట్టు స్పష్టంగా కనిపిస్తుంది, కార్డు మాత్రం 67 అంటుంది. మార్పించుకుందామంటే పుట్టిన తేదీ సవరణకు సాధారణంగా ఒక్క అవకాశమే ఇస్తారు, దానికి పదో తరగతి సర్టిఫికెట్టో, పాస్‌పోర్టో, జనన ధ్రువీకరణ పత్రమో కావాలి. మొదటి రెండూ అటువంటి తల్లికి ఉండవు. మూడోది తెచ్చుకోవాలంటే, ఏడాది దాటిన జననాన్ని నమోదు చేయడానికి జిల్లా మేజిస్ట్రేటుదో, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుదో, అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుదో ఉత్తర్వు ఉండాలని జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ చెబుతోంది. కర్ర పట్టుకుని నడిచే మనిషి సచివాలయానికీ, ఆర్డీవో కార్యాలయానికీ, ఆధార్ కేంద్రానికీ ఒకదాని తర్వాత ఒకటిగా ఎలా తిరగగలదు?

ఇక్కడ దారి ఉన్నది జిల్లా యంత్రాంగం చేతిలోనే. ఉత్తర్వు ఇచ్చే అధికారీ, వార్డులో విచారణ జరిపే సిబ్బందీ అందరూ కలెక్టరు కింద పనిచేసేవారే. ఒక్కో డివిజన్‌లో నెలకొక శిబిరం పెట్టి, తహసీల్దారు కార్యాలయ ప్రతినిధినీ, ఆధార్ నమోదు కిట్టునూ, ప్రభుత్వ వైద్యుడినీ ఒకచోట కూర్చోబెడితే, పిల్లల వయసు, పాత ఓటరు జాబితాలు, ఇరుగుపొరుగు వాంగ్మూలం ఆధారంగా విచారణ అక్కడే ముగించి, ఉత్తర్వు వచ్చేవరకు దరఖాస్తును వారే నడిపించవచ్చు. వయసు పెంచుకుని లబ్ధి పొందాలనే వారు ఒకరిద్దరు ఉండవచ్చు. వారి భయంతో నిజంగా ఏళ్లు మీదపడిన వందల మందిని బయట నిలబెట్టడం న్యాయం కాదు.

నమోదుకు కొత్త సిబ్బంది, కొత్త యంత్రాలు అక్కర్లేదు. ప్రతి నెలా ఒకటో తేదీన సచివాలయ ఉద్యోగులు ఎన్టీఆర్ భరోసా పింఛను 4,000 రూపాయలు ఇవ్వడానికి యంత్రం పట్టుకుని వృద్ధుల గడప తొక్కుతున్నారు, మంచం పట్టినవారి దగ్గరికి కూడా వెళ్తున్నారు. ఆ రోజు పంపిణీ ఒత్తిడి ఉంటుంది నిజమే, కాబట్టి ఒకటో తేదీన కార్డు లేనివారి పేర్లు మాత్రం రాసుకుని, ఆ వారంలోనే తిరిగి వచ్చి నమోదు చేయవచ్చు. పింఛను రాని ఇళ్ల దగ్గరికి ఎవరూ వెళ్లరు కనుక, సచివాలయాల దగ్గర ఉన్న కుటుంబాల వివరాల నుంచి 70 దాటినవారి జాబితా తీసి ఏఎన్ఎంలకూ ఆశా కార్యకర్తలకూ ఇవ్వాలి. అపార్టుమెంట్లలో ఉండేవారిని ఈ జాబితాలో మరిచిపోకూడదు. లక్ష్మీపురంలోనో పటమటలోనో నాలుగో అంతస్తు ఫ్లాటులో ఒంటరిగా ఉన్న వృద్ధురాలు కూడా అర్హురాలే.

కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుల సంగతి ఇంకా తేలిక. వారు ప్రతి నవంబరులో, 80 దాటినవారైతే అక్టోబరు నుంచే, జీవన ప్రమాణ్ పత్రం, అంటే బతికే ఉన్నామని తెలిపే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ ఇస్తారు. ప్రైవేటు సంస్థల్లో పనిచేసి భవిష్యనిధి పింఛను తీసుకునేవారికి నవంబరు నియమం లేదు, ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వవచ్చు, అది ఏడాది పాటు చెల్లుతుంది. బ్యాంకులోనో తపాలా కార్యాలయంలోనో ముఖం చూపించో వేలుపెట్టో ఆ పని చేస్తున్న మనిషి, అదే కుర్చీలో మరికొద్ది నిమిషాలు కూర్చుంటే వయ వందన నమోదు కూడా అయిపోతుంది. పోస్టుమ్యాన్ ఇంటికొచ్చి లైఫ్ సర్టిఫికెట్ చేసే సేవ 2020 నుంచి ఉంది. ఆ ఇంటి తలుపు అతనికి తెలుసు, ఆ ఇంటివారికి అతనంటే నమ్మకం. తపాలా, ఆరోగ్య శాఖలు ఒక ఒప్పందానికి వచ్చి ఈ బాధ్యత కూడా అప్పగిస్తే, ఎంత శ్రద్ధగా చేస్తారో ఆ శాఖలో జీవితం గడిపినవాడిగా నేను హామీ ఇవ్వగలను. అలాగే గుంటూరు జీజీహెచ్, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్ ఓపీ చీటీ ఇచ్చే చోట 70 దాటినవారి కోసం నమోదు కౌంటరు ప్రత్యేకంగా నడపడం కూడా మేలు. జబ్బు పడ్డాక ఆసుపత్రిలోనూ కార్డు చేయించుకోవచ్చన్నది నిజమే. కానీ పక్షవాతం వచ్చిన తండ్రిని స్ట్రెచర్ మీద పెట్టుకుని, ఆధార్ ఎక్కడుందో వెతుక్కుంటూ, ఓటీపీ కోసం ఎదురుచూసే పరిస్థితి ఏ కుటుంబానికీ రాకూడదు.

చేతికి వచ్చిన కార్డు అవసరానికి చెల్లాలంటే ఆసుపత్రుల బకాయిల సమస్య కూడా పరిష్కారం కావాలి. బిల్లులు రాలేదని మన రాష్ట్రంలో నెట్‌వర్క్ ఆసుపత్రులు ఉచిత సేవలు ఆపివేసిన సందర్భాలు ఇటీవలి కాలంలోనే ఉన్నాయి. చెల్లింపులు సకాలంలో జరగాలి. ఏ ఆసుపత్రిలో ఏ చికిత్సకు కార్డు చెల్లుతుందో తెలిపే జాబితాను ప్రతి వార్డు సచివాలయం గోడమీద పెద్ద తెలుగు అక్షరాల్లో అతికించాలి. ఫోనులో చూసుకొమ్మంటే చూడలేని వయసు వారిది.

మీ పత్రికను మా ప్రాంతంలో పెద్దవాళ్లు ఉదయం కాఫీతో పాటు చివరి పేజీ దాకా చదువుతారు. గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల పేజీల్లో వారానికొకసారి చిన్న పెట్టె కట్టి, నమోదు ఉచితమని, తెల్లకార్డు అవసరం లేదని, సందేహాలకూ ఫిర్యాదులకూ 14555కు ఫోను చేయవచ్చని, ఆ వారం శిబిరం ఏ వార్డులో ఉందో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత తపాలా ఉద్యోగి,
బ్రాడీపేట, గుంటూరు.