తడిసిన కాగితానికి జవాబు లేదు, లేట్ ఫీజు మాత్రం వేశారు

జనరల్ మేనేజర్ గారికి,

విషయం: మా ప్రెస్ ఖాతాలో వేసిన లేట్ ఫీజు

అయ్యా,

చిక్కడపల్లిలో మాది చిన్న ప్రింటింగ్ ప్రెస్. మా నాన్నగారి కాలం నుంచి కాగితం మీ దగ్గరే కొంటున్నాం. ఈ నెల మీరు పంపిన స్టేట్‌మెంట్‌లో పాత బిల్లు మీద ఏడాదికి 24 శాతం లెక్కన లేట్ ఫీజు, దాని మీద మళ్లీ జీఎస్టీ వేశారు. ఆ బిల్లు ఎందుకు ఆగిందో మీ ఆఫీసులో అందరికీ తెలుసు. తెలిసి కూడా ఒక్కరూ జవాబు చెప్పకపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉంది.

వానల్లో వచ్చిన ఆ లోడులో కొన్ని రీములు తడిసిపోయాయి. దించుకున్న రోజే ఫోటోలు తీసి మెయిల్ పెట్టాను. మీ సేల్స్ అబ్బాయి వచ్చి చూసి, "తడిసిన సరుకు డబ్బు తగ్గిస్తూ క్రెడిట్ నోట్ వచ్చేదాకా బిల్లు ఆపండి సార్, నేను మాట్లాడతా" అన్నాడు. అతని మాట మీదే ఆపాను. ఆ తర్వాత అతను నా ఫోన్ ఎత్తడం మానేశాడు. అకౌంట్స్‌కి చేస్తే సేల్స్‌ని అడగమన్నారు. సేల్స్ వాళ్లు అది కాటేదాన్ గోదాము సంగతి అన్నారు. గోదాముకి వెళ్తే, హెడ్డాఫీసు నుంచి మెయిల్ వస్తే తప్ప సంతకం పెట్టనని ఇన్‌చార్జి తల తిప్పుకున్నాడు. పని వదులుకుని బేగంపేట ఆఫీసుకి వస్తే, రిజిస్టర్‌లో పేరు రాయించుకుని మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. సార్ మీటింగ్‌లో ఉన్నారనడమే తప్ప లోపలి నుంచి ఒక్క మనిషి బయటికి రాలేదు. మంచినీళ్లు కావాలా అని అడిగింది సెక్యూరిటీ ఆయన ఒక్కడే.

చివరికి క్రెడిట్ నోట్ వచ్చింది. ఆ సాయంత్రమే మిగతా డబ్బంతా ఆన్‌లైన్‌లో కట్టేశాను. ఇప్పుడు పాత తేదీ నుంచి లెక్కపెట్టి ఫీజు వేశారు. కస్టమర్ కేర్ అమ్మాయి "సిస్టమ్ వేసింది సార్, మేం తీయలేం" అని ఫోన్ పెట్టేసింది. కాసేపటికే నా ఫిర్యాదు పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది, ఎన్ని స్టార్లు ఇస్తారని ఇంకొకటి. పరిష్కరించింది ఎవరు? నాతో మాట్లాడింది ఎవరు?

జీఎస్టీ ఫైల్ అయిపోయింది కాబట్టి రద్దు కుదరదని మీ అకౌంట్స్ ఆయన అన్నాడు. 2017 జీఎస్టీ చట్టం 12వ సెక్షన్ ప్రకారం లేట్ ఫీజు మీద పన్ను ఆ డబ్బు మీకు అందిన రోజునే లెక్కకొస్తుంది. నేను ఆ ఫీజులో పైసా కట్టలేదు, అంటే దాని మీద పన్ను ఇంకా లెక్కకే రాలేదు.

ఉద్దెరకిచ్చినవాళ్లు గడువు దాటితే వడ్డీ అడగకూడదని నేను అనను. నాకూ బాకీ పడ్డ స్కూళ్లు ఉన్నాయి. చిన్న పరిశ్రమల బాకీలు 45 రోజులు దాటకూడదని, దాటితే వడ్డీ కట్టాలని 2006 చట్టమే చెబుతోంది. అదే చట్టంలో, సరుకు అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే అది తీరిన రోజు నుంచే గడువు లెక్క అని కూడా ఉంది. మీకు ఆ చట్టం వర్తించినా వర్తించకపోయినా న్యాయం అదే కదా!

2020 లాక్‌డౌన్‌లో పెళ్లిళ్లు లేక, శుభలేఖల ఆర్డర్లు లేక ప్రెస్ మూతపడినా ముందు మీ బాకీయే తీర్చాను. అఫ్జల్‌గంజ్‌లో తక్కువ ధరకే ఇస్తామన్నా మిమ్మల్ని వదల్లేదు. ఇంతకాలం నమ్మినవాడితో మాట్లాడటానికి మీకు ఐదు నిమిషాలు దొరకలేదా?

లేట్ ఫీజు మొత్తం తీసేసి స్టేట్‌మెంట్ మళ్లీ పంపండి. బాధ్యత గల మనిషి ఎవరైనా నాకు ఫోన్ చేయాలి. లేకపోతే లాయర్ నోటీసు పంపిస్తాను, తోటి ప్రెస్‌వాళ్లందరికీ ఈ సంగతి చెబుతాను. బిల్లు కింద చిన్న అక్షరాల్లో ఎంత శాతం వేసుకున్నా, 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే. వివాదాలు హైదరాబాద్ కోర్టుల్లోనే తేల్చుకోవాలని అదే బిల్లు మీద మీరే అచ్చు వేయించారు. నేను రావడానికి సిద్ధం.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు,
చిక్కడపల్లి, హైదరాబాద్