ఓడ నాణెం, పావలా వడ్డీ

విజయవాడ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? పోర్టులో నైట్ డ్యూటీలు తగ్గాయా? వదిన, పిల్లలు కులాసానా?

ఇవాళ చిన్నదాన్ని తీసుకుని బందరు రోడ్డులో బాపు మ్యూజియానికి వెళ్లొచ్చాను. 1887లో విక్టోరియా రాణి జూబిలీకి పునాది వేసిన భవనం కదా, రాతి గోడలు చూస్తేనే కడుపు నిండిపోతుంది. మిగతావన్నీ గబగబా చూసేశాం కానీ నాణేల దగ్గర మాత్రం కాళ్లు కదల్లేదు.

శాతవాహనులు సీసంతో కూడా నాణేలు చేయించారని ఇంటర్‌లో నువ్వు చెబితే నేను నమ్మలేదు, గుర్తుందా? యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంటుందని కూడా నువ్వే చెప్పావు. దాదాపు 1800 ఏళ్ల నాటి మాట. రాజు నాణెం మీద ఓడ వేయించాడంటే మన తీరానికి సముద్రం ఎంత సిరి తెచ్చిందో! నువ్వు పక్కన ఉంటే బాగుండేదిరా.

వరాహం బొమ్మ వల్ల వరహా అనే పేరొచ్చిందంటే చిన్నది తెగ సంబరపడింది. వెంటనే "మరి పావలా అంటే?" అని అడిగింది. దానికి ఫోన్‌పే తప్ప చిల్లర తెలీదు. రూపాయికి పదహారణాలు, అందులో నాలుగణాలు పావలా అని చెప్పాను. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి వంద పైసలయ్యాక పావలా అంటే 25 పైసలైంది. 2011 జూన్ 30తో ఆ బిళ్ల చెలామణీ కూడా ఆగిపోయింది. "మరి నానమ్మ డ్వాక్రా మీటింగ్ నుంచి వచ్చి పావలా వడ్డీ అంటుందేం?" అంది!

చెప్పాను. నూటికి నెలకి పావలా, అంటే ఏడాదికి మూడు రూపాయలు. చెబుతుంటే నాన్న గుర్తొచ్చారు. అక్క పెళ్లికి ఆయన తెచ్చిన అప్పు మూడు రూపాయల వడ్డీదిరా. ఏడాదికి నూటికి 36. అసలు అలాగే ఉండేది, పంట డబ్బంతా వడ్డీకే పోయేది. ఆ లెక్క దానికి కాగితం మీద వేసి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు.

పట్టాభి సీతారామయ్యగారు 1923లో మీ బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టడం ఎంత పెద్ద పనో నాకు ఇవాళ అర్థమైంది. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయినప్పుడు నువ్వు ఫోన్ చేసి బాధపడితే, పేరు మారితే ఏమైందిలే అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది.

మీ తాతగారి పాత పాస్‌బుక్ ఇంకా పెట్టెలోనే ఉందా? సంక్రాంతికి వచ్చేటప్పుడు జాగ్రత్తగా తీసుకురా. చిన్నది చూస్తానంటోంది.

నీ
రాంబాబు