ఆపరేషన్ రోగికి ఎన్ని బాటిళ్లు?

సంపాదకుడి గారికి,

ఆపరేషన్ రోగికి 'రెండే రెండు సెలైన్లు' ఎక్కించి నిర్లక్ష్యం చేశారని పోయిన వారం వార్త వేశారు. ఏ ద్రవం ఎక్కించారు, రోగి బరువెంత, నోటితో తాగుతున్నాడా లేదా అన్న ముక్క ఒక్కటీ లేదు. ఇక బాటిళ్లు లెక్కపెట్టే వైద్యానికి మార్కులేద్దాం!

లీటరు నార్మల్ సెలైన్‌లో 9 గ్రాముల ఉప్పుంటుంది. పేరుకే నార్మల్. ఉప్పులోని క్లోరైడ్ రక్తంలో లీటరుకు 100 మిల్లీమోల్స్ (లవణాలను కొలిచే ప్రమాణం) చిల్లర అయితే, ఇందులో 154. సోడియమూ అంతే. 60 కిలోల మనిషికి రోజుకు 60 మిల్లీమోల్స్ సోడియం సరిపోతుంది. మూడు లీటర్ల సెలైన్‌తో 462 ఎక్కుతుంది. రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, పేగులు నీరు పట్టి కదలడం మానేస్తాయి. 'గ్లూకోజ్ పెడితే బలం' అన్నది మరో భ్రమ. 5 శాతం డెక్స్‌ట్రోజ్ లీటరులో ఉండేది 50 గ్రాముల గ్లూకోజే. అది ఖర్చయ్యాక మిగిలేది ఉత్త నీళ్లు. ఆపరేషన్ తర్వాత ఒళ్లు అసలే నీటిని వదలదు. సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు.

చాలా ఆపరేషన్లకు రింగర్ లాక్టేట్ (లవణాల పాళ్లు రక్తానికి దగ్గరగా ఉండే ద్రవం) మేలు. తలకు దెబ్బ తగిలితే మాత్రం సెలైనే. వాంతులతో కడుపులోని ఆమ్లం పోయినవారికీ సెలైనే, మూత్రం వస్తోందని చూసుకుని పొటాషియం కలిపి. ఆ పొటాషియం ఆంపూల్ నేరుగా నరంలోకి పొడిచారా, గుండె ఆగుతుంది. రక్తం ఎక్కే గొట్టంలో రింగర్ కలిపితే అందులోని కాల్షియంతో గడ్డలు కట్టవచ్చు.

ఇక ఎంత? రోజువారీ అవసరం కిలోకు 25-30 మి.లీ., అంటే 60 కిలోలకు లీటరున్నర నుంచి 1.8 లీటర్లు. రక్తస్రావం, వాంతులు, డ్రెయిన్లలో (ఒంట్లోంచి ద్రవం బయటికి తీసే గొట్టాలు) పోయేది వేరే లెక్క. వృద్ధులకు బీపీ పడితే 250 మి.లీ. ఇచ్చి, మళ్లీ చూసి, అప్పుడు తర్వాతిది. అలాగని మరీ బిగబట్టడమూ తప్పే. పెద్ద కడుపు ఆపరేషన్ల రోగులపై జరిగి 2018లో వెలువడిన రిలీఫ్ అధ్యయనంలో ద్రవాలు బాగా తగ్గించిన వారిలో 8.6 శాతం మందికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. ధారాళంగా ఇచ్చినవారిలో 5 శాతమే.

కేస్‌షీటులో మూడు రోజులూ 'రిపీట్ ఆల్' (నిన్నటివే మళ్లీ) అని గీకేసే డాక్టర్లను ఏమనాలి? తనిఖీకి వచ్చే అధికారులు స్టాకు రిజిస్టరు తిరగేస్తారు, రోగి ఒంట్లోకి వెళ్లిన, బయటికి పోయిన ద్రవాల లెక్క రాసే ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్టు వైపు కన్నెత్తరు. ఆపరేషన్‌కు 2 గంటల ముందు దాకా చాలామంది మంచినీళ్లు తాగొచ్చని తెలిసీ రాత్రి నుంచి రోగిని ఎండబెట్టడం, పొద్దున ఆ లోటుకు బాటిల్ తగిలించడం!

మీ విలేకరి ఈసారి ఆ చార్టు అడిగి చూడాలి. ఆ రెండు బాటిళ్లూ అర లీటరువా, లీటరువా అన్నదైనా తెలుస్తుంది.

ఇట్లు,
ఒక మత్తు వైద్యుడు